కూసునే జాగ

ఆయన మామూలుగా మాట్లాడినా పక్క సందులోకి వినిపించేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఏదో తగాదా అనుకుని తలుపు తీసి చూసేవాళ్ళు. తీరా చూస్తే ఆయన పాలబ్బాయిని, వాళ్ళ అమ్మకు జ్వరం తగ్గిందా లేదా అని అడుగుతూ ఉండేవాడు. బతుకంతా మరమగ్గాల షెడ్డులో గడిపిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. మిగిలిన సగంతో తన మాట తాను వినాలంటే అరవక తప్పదు.

సూరత్‌లో మా సందులో అందరూ ఆయన్ని కాకా అనేవారు. గుజరాతీవాళ్ళకు కాకా అంటే చిన్నాన్న. తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన నేతవాళ్ళకూ కాకా అంటే చిన్నాన్నే. రెండు భాషలకీ సరిపోయిన పిలుపు అది. బ్యాంకు బదిలీ మీద గుంటూరు నుంచి వచ్చిన నేనొక్కదాన్నే కొన్నాళ్ళు 'బాబాయి గారూ' అన్నాను.

"గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దారునా?" అని సందంతా వినపడేలా నవ్వాడు. ఆ రోజు నుంచి నాకూ కాకాయే.

ఆయన పోయాడని ఆయన కూతురు, సూరత్ పక్కనున్న జోల్వా నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఇక్కడ విజయవాడలో, కౌంటర్ దగ్గర ఎవరైనా గొంతు పెంచితే చాలు, చేస్తున్న పని వదిలేసి తలెత్తుతున్నాను.

భార్య ఉన్నప్పుడు ఆయన్ని నేను చూసింది ఎక్కువగా కూరగాయల బజారులోనే. ఆమె బక్కపలచని మనిషి. జుట్టులో ఎప్పుడూ సన్నటి నూలు పీచు అంటుకుని ఉండేది. అదే షెడ్డులో మగ్గాలకు నూలు బాబిన్లు చుట్టేది. ఆమె ముందు నడిచేది, ఆయన సంచీ పట్టుకుని వెనక వచ్చేవాడు. ఒక్కోసారి రోడ్డుకి ఆ పక్క బండి దగ్గర ఆయన, ఈ పక్క బండి దగ్గర ఆమె నిలబడేవాళ్ళు. మధ్యలో ఆటోలు, హారన్లు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. వంకాయ వద్దు, మెత్తబడింది. కొత్తిమీర తీసుకో. చాయ్ తాగుదామా. ఆ రాత్రి వంటంతా రోడ్డు దాటకుండానే తేలిపోయేది. మగ్గాలు నడుస్తుంటే నోటి మాట వినపడదు కాబట్టి షెడ్డుల్లో అందరికీ ఈ చేతి మాటలు అలవాటేనట. కానీ వీళ్ళిద్దరికీ అది ముచ్చట కూడా. అవసరం లేనిచోట కూడా అలాగే మాట్లాడుకునేవాళ్ళు. నేను కొత్తిమీర కట్ట పట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడిపోయేదాన్ని.

మొదటి లాక్‌డౌన్‌లో షెడ్డులు మూతపడి మనుషులందరూ ఊళ్ళకు పోయినా వీళ్ళు పోలేదు. ఏడికి పోవాలె, ఊళ్ళె ఎవరున్నరు, అన్నాడు. రెండోసారి కరోనా ముదిరినప్పుడు ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. పట్టుకుపోయి ఒక కమ్యూనిటీ హాలులో పెట్టారు. కొన్నాళ్ళకు ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ తర్వాత సందులో ఆ గొంతు వినపడలేదు.

మళ్ళీ విన్నది సందులో కాదు. మా సందు చివర, కాతార్గామ్ పోయే రోడ్డుకు కాస్త లోపలగా, ఒక చిన్న పాత శ్మశానం ఉంది. సూరత్‌లో తెల్లవాళ్ళ సమాధులు గొప్పవి వేరే ఉన్నాయి, పెద్ద గుమ్మటాలతో, ఫొటోలు తీసుకునేవాళ్ళతో. ఇది అలాంటిది కాదు. కూలిన ప్రహరీ మధ్య మోకాలెత్తు సమాధులు కొన్ని, గుమ్మటం పగిలింది ఒకటి, వేపచెట్లు, రామచిలుకలు. ఓడల్లో వచ్చి ఇక్కడ బట్ట కొనుక్కుపోయిన వ్యాపారులూ వాళ్ళ ఇంటివాళ్ళూ జ్వరాలొచ్చి చనిపోతే పూడ్చిన చోటు. ఓడలు రావడం మానేశాక దీన్ని పట్టించుకున్నవాడు లేడు. కొన్ని రాళ్ళు ఇళ్ళ ముందు బట్టలుతుక్కునే బండలయ్యాయి. చేతిమగ్గాల కాలంలో ఇక్కడే పడుగులు చాపి గంజి పెట్టేవారని ముసలివాళ్ళు చెబుతారు. తర్వాత మేకలు, చెత్త. చివరికి ప్రభుత్వశాఖ ఏదో వచ్చి, చెత్త ఎత్తించి, గేటు పెట్టి, నీలం బోర్డు తగిలించి వెళ్ళింది. గేటు గడియ విరిగి చాలా కాలమైంది. పార్కులు మూసేసిన ఆ రోజుల్లో నేను సాయంత్రం అక్కడే నడిచేదాన్ని.

ఒకరోజు లోపలికి అడుగు పెట్టగానే కేక వినపడింది.

"ఒక్కదానివి ఎట్ల ఉంటున్నవే ఇంత ఎండల?"

వేపచెట్టు కింద ఒక సమాధి పక్కన కాకా కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకునే మనిషి, ఆ రోజు నలిగిన బనియనుతో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"బిడ్డా, నీకు ఇంగిలీషు వస్తది గద. జర చదివి చెప్పు, ఇక్కడ ఏం రాసుంది?"

సగం అక్షరాలు రాలిపోయాయి. చున్నీతో దుమ్ము తుడిచి, వేలు పెట్టి తడుముతూ చదివాను. ఈ ఊళ్ళో వ్యాపారం చేసుకునే ఒకాయన, చిన్న వయసులో పోయిన తన భార్య కోసం వేయించిన రాయి. పేర్లు పోయాయి. 'భార్య' అన్న మాట, దానికి ముందు 'ప్రియమైన' అన్న మాట మాత్రం మిగిలాయి.

"ఏం యాపారం?"

"బట్టలే అయుంటుంది కాకా. అప్పుడు అందరూ సూరత్ బట్ట కోసమే వచ్చేవాళ్ళు."

"గంతేనా! మేము గూడ బట్ట కోసమే వస్తిమి. వాళ్ళు ఓడల, మేము రైల్ల." కాసేపు ఆ రాయి వంక చూశాడు. "మరి ఆయన ఏమైండు? ఆమెను ఈడ పెట్టి వాళ్ళ ఊరికి పోయిండా?"

"తెలీదు కాకా. రాయి మీద అది లేదు."

"పోయే ఉంటడు. అయినా ఆయన నసీబు మంచిది. ఆమె ఏడుందో ఆయనకు తెలుసు."

అప్పుడు చెప్పాడు. ఆ హాలులో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మధ్యలో అవతలివాళ్ళు కనపడేంత పల్చటి ప్లాస్టిక్ తెర. తెర ఇవతల ఆయన, అవతల ఆమె, పగలంతా చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. ఒక పొద్దున ఆమెకు ఊపిరి అందలేదు. పెద్దాసుపత్రికని స్ట్రెచర్ ఎక్కించారు. ఆమె ముఖానికి ఆక్సిజన్ తొడిగి ఉంది. తలుపు దగ్గర ఆమె ఇటు తిరిగి చెయ్యెత్తి ఒక సైగ చేసింది. తీసుకుపోయారు. మర్నాడు పోయిందన్నారు. ఆయనకింకా జ్వరం తగ్గలేదని బయటికి వదల్లేదు. ఊళ్ళో శ్మశానాలు నిండిపోయి, బయట ఎక్కడో కట్టెలు దొరికినచోట స్వచ్ఛంద సంస్థ వాళ్ళు దహనం చేశారట. అస్థికలు అడిగితే, తీసుకోనివాళ్ళవన్నీ కలిపి తాపీ నదిలో వదిలేశామన్నారు.

"వాళ్ళను ఏమనను బిడ్డా? మన పని వాళ్ళు చేసిండ్రు, దండం పెట్టాలె. కానీ నాకు ఒక జాగ లేకుండ పోయింది. ఇంట్ల కూసుంటే ఆమె చెప్పులు కనబడతయి. నది కాడికి పోతే, అది పారుకుంట పోతనే ఉంటది. గీడ మంచిగుంది. ఈమె గూడ పరాయి ఊళ్ళె పోయిన పిల్లనే."

తర్వాత ఆ సైగ చేసి చూపించాడు. ఐదు వేళ్ళూ ఒక్కచోటికి కూర్చి, రొమ్ముకు ఎదురుగా మణికట్టు తిప్పాడు. మగ్గాల మీద పనిచేసే మగవాళ్ళ లెక్కలో అది లోపలికి తిప్పితే 'దారం తెగింది, ఇటు రా' అని. బయటికి తిప్పితే 'మగ్గం ఆపు, ఇంటికి పో' అని. ఆమె ఎటు తిప్పిందో ఆయనకు కనపడలేదు. తెర మీద వెలుతురు పడింది.

"రమ్మన్నదా, పొమ్మన్నదా? రమ్మంటే నేను పోకపోతి. పొమ్మంటే..." అని ఆగిపోయాడు. ఆయన మాట మధ్యలో ఆపడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత మేము చాలా సాయంత్రాలు అక్కడ కలిశాం. నేను నడిచేదాన్ని, ఆయన కూర్చునేవాడు. ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకునేవాడు. ముందు ఆ రాయికి చూపించి, తర్వాత తాగేవాడు. రాయితో మాటలన్నీ తిట్లే. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టినవే. పప్పు మాడింది చూడు నీ మూలంగ. భార్య పేరు మాత్రం ఎన్నడూ అనలేదు. ఒకసారి అడిగితే ముసలిముఖం ఎర్రగా కందింది. "పేరెట్ల పిలుస్త బిడ్డా? ఏయ్ అంటే పలుకుతుండె" అన్నాడు.

ఆ అరుపులకే అనుకుంటా, ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కొడుకును పోగొట్టుకున్న వెనక సందు గుజరాతీ ఆవిడ మొదట గేటు దగ్గర నిలబడి చూసి పోయేది. తర్వాత ఒక బంతిపూల దండ తెచ్చి, ఎవరిదో తెలియని ఒక చిన్న సమాధి మీద పెట్టింది. అన్నను పోగొట్టుకున్న ఒడియా మగ్గం పనివాడు పగిలిన గుమ్మటం కింద అగరొత్తులు వెలిగించాడు. మా తెలుగు నేత కుటుంబాల ఆడవాళ్ళు దీపాలు తెచ్చారు. వీళ్ళెవరూ తమ మనిషి కడసారి ముఖం చూడనివాళ్ళే. ఎప్పుడో ఎక్కడి నుంచో వచ్చి చనిపోయినవాళ్ళ సమాధులు తలా ఒకటి పంచుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. కాకా మాత్రం కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ చాయ్ పోసి, "మీ వాళ్ళు ఎవరు?" అని ఆ గొంతుతో అడిగేవాడు. వాళ్ళు చెప్పింది ఆయనకు సగమే వినపడేది. అయినా తల ఊపుతూ చివరిదాకా వినేవాడు.

వానలు తగ్గాక ఒక ఉదయం గేటుకు కొత్త తాళం పడింది. లోపల పనివాళ్ళు సమాధుల మీది నూనె, పసుపు, కుంకుమ కడుగుతున్నారు. శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చింది. గుజరాతీ అమ్మాయి, చిన్న వయసు. గేటు ఇవతల అప్పటికే జనం చేరారు. కాకా ఊచలు పట్టుకుని తనకొచ్చిన హిందీలో అరుస్తున్నాడు. కోపం కొంత, అలవాటు కొంత. ఆ అమ్మాయికి ఆ తేడా తెలియదుగా, భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. నేను ముందుకు వెళ్ళి, ఆయనకు చెవులు వినపడవు, అందుకే ఆ గొంతు అని చెప్పాల్సి వచ్చింది.

ఆమె దగ్గరికొచ్చింది. తనూ గొంతు పెంచి, ఓపిగ్గా చెప్పింది.

"కాకా, ఇవి పాత సున్నపురాళ్ళు. నూనె పీలిస్తే పగులుతాయి. మసి పడితే పోదు. మీరు పూజ చేస్తున్నారు, కానీ రాయి చచ్చిపోతోంది. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన ఊచలు వదిలేశాడు. ఆ కడిగిన రాళ్ళ వైపు చూశాడు.

"రాయికి దెబ్బ తగులుతదని తెల్వకపాయె బేటీ. ఇగ పెట్టం. మరి మేము ఏడ కూసోవాలె?"

ఆ అమ్మాయి తలదించుకుని జీపెక్కింది. కానీ మర్చిపోలేదు. పైవాళ్ళతో ఏం మాట్లాడిందో, కొన్ని వారాలకు మళ్ళీ వచ్చింది. ప్రహరీకి ఆనుకుని, సమాధులేవీ లేని మూల ఒకటి చూపించింది. అక్కడ చిన్న స్మారకం కట్టుకోవచ్చు, సమాధులను ముట్టుకోకూడదు, నూనె, అగరొత్తులు లోపలికి తేకూడదు, పేర్లు చెక్కకూడదు, అంది. పేర్లు లేకుండా ఏం స్మారకం అని కొందరు గొణిగారు. కాకా మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

"పేర్లెందుకు? రాస్తమంటే ఎవరిదో ఒకరిది ఇడుస్తం. వాళ్ళు మల్ల బాధపడతరు. నిలబెట్టే రాయి గూడ వద్దు. దానికి దండ ఏసి పోతరు. కూసునే జాగ కట్టుండ్రి."

అలా కట్టారు. ఇళ్ళ ముందు గుజరాతీవాళ్ళు సాయంత్రాలు కూర్చునే అరుగును ఓట్లో అంటారు. అలాంటి పొడవాటి ఓట్లో ఒకటి, గోడ వెంట. ఇటుక, సున్నం. ఒడియా కుర్రాళ్ళు ఇటుకలు మోశారు. కాకా సున్నం కలుపుతూ అందరినీ తిడుతూ తిరిగాడు. పైన పరిచిన నల్లబండను ఆయనే చేత్తో తడిమి, ముసలోళ్ళ మోకాళ్ళకు ఎత్తైందని చెప్పి, ఒకసారి కట్టింది విప్పించి తగ్గించాడు.

మొదటిసారి అందరం దాని మీద కూర్చున్న సాయంత్రం ఊరి శివార్లలోని కోసాడ్ కాలనీ నుంచి ఒకావిడ వచ్చింది. కాకా భార్యతో కలిసి అదే షెడ్డులో బాబిన్లు చుట్టిన మనిషి. కరోనా తర్వాత ఆయన్ని చూడటం అదే మొదలు. కాసేపు ఏడ్చింది. కాకా ఎప్పటిలాగే ఆ సైగ చేసి చూపించి అడిగాడు. కనపడిన ప్రతి మగ్గం మనిషినీ అలాగే అడిగేవాడు.

"మీ వదినె ఇట్లన్నది పోయేటప్పుడు. రమ్మన్నదా, పొమ్మన్నదా?"

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన చేతి వైపు చూసింది.

"అది మీ మగ్గాలోళ్ళ మాట కాదన్నా. మాది. బాబిన్ల కాడ మేము మూతికి గుడ్డ కట్టుకుంటం. చెయ్యి నోటి దాంక ఎత్తం. గిట్లనే రొమ్ము కాడ తిప్పి అడుగుతం." తనూ వేళ్ళు కూర్చి తిప్పింది. "తిన్నవా, అని."

కాకా తన చేతి వైపు చూసుకున్నాడు. "నన్నెందుకు మీ మాటల అడుగుతది?"

"మూతికి మాస్కు ఉండె గదన్నా. ఆ టైముల చెయ్యికి ఏది అలవాటైతే అదే వస్తది."

ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. ఆ నవ్వుకు చెట్టు మీది చిలకలు లేచిపోయాయి.

"తిన్లే! ఆ పొద్దు తిన్లే నేను. వాళ్ళిచ్చిన కిచిడీ నచ్చక పక్కకు పెట్టిన. తెర అవుతల నుంచి చూసినట్టుంది, దొంగముండ!"

అప్పుడు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. కోసాడ్ ఆవిడ చెప్పింది నిజమో, ఆయన కోసం అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. గేటు దాకా సాగనంపుతూ అడగాలనుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి, ఏమీ అడక్కముందే ఆటో పిలిచింది. నేనూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఆ సైగ గురించి ఎవరినీ అడగలేదు. కొన్నాళ్ళకు కూతురు పట్టుబట్టి జోల్వా తీసుకుపోయింది. ఆమె భర్తకు అక్కడి షెడ్డుల్లో పని. కాకా ఆదివారాలు మాత్రం బస్సెక్కి వచ్చేవాడు, మళ్ళీ ఇస్త్రీ చొక్కాతో. నాకు విజయవాడ బదిలీ అయినప్పుడు చెప్పడానికి వెళ్తే, ఓట్లో మీద ఒక చివర కొడుకును పోగొట్టుకున్న గుజరాతీ ఆవిడ, మధ్యలో ఎవరో కొత్తవాళ్ళు, ఈ చివర ఆయన ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. బదిలీ అని చెప్పాను. తల ఊపాడు. నేను అంతవరకు ఆయన నోట విననంత చిన్న గొంతుతో, "మంచిగుండు బిడ్డా" అన్నాడు.

ఫోన్‌లో కూతురు మిగతా సంగతి చెప్పింది. ఆ అమ్మాయిది సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు, మధ్యలో హిందీ దొర్లుతుంది.

"బాపు ముందే చెప్పిపెట్టిండు మేడం. 'నా అస్థికలు అలగ్‌గ పెట్టకుండ్రి. ఎవరూ తీస్కపోనియి ఉంటయి గద, వాటిల్ల కలపుండ్రి. మీ అమ్మ గట్లనే పోయింది' అని. మా ఆయన ఒప్పుకోలే. మనం ఉండంగ దిక్కులేనోళ్ళ లెక్క ఎట్ల ఇడుస్తం అన్నడు. మా అత్త ఏడ్చింది. నాకు గూడ మనసొప్పలే. శ్మశానంల కుండ చేతికిచ్చినంక ఇంటికి తెచ్చి పెట్టుకున్న. ఇయ్యాల పోదం, రేపు పోదం అనుకుంట."

"తర్వాత?"

"తర్వాత ఎవరూ తీస్కపోని అస్థికలు ఇడిసే ఆ సంస్థోళ్ళకు ఫోన్ చేసిన. మీరు వచ్చేటప్పుడు నేను గూడ వస్త, నా చేతులతోనే కలుపుత అన్న. రమ్మన్నరు. తాపీ సముద్రంల కలిసే కాడికి పోయినం. తెల్ల గుడ్డల మూటలు మేడం, అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. పెద్ద గుడ్డ పరిచి అన్నీ ఇప్పిండ్రు. బాపుది గూడ అండ్ల పోసిన. పోసేదాంక తెల్సు, పోసినంక ఏది బాపుదో తెల్వలే."

ఫోన్‌లో వెనక ఎక్కడో మగ్గాలు నడుస్తున్న చప్పుడు.

"వాళ్ళు సగం ఇడుస్తమన్నరు. వద్దు భయ్యా, అన్నీ నేనే ఇడుస్త అన్న. నీళ్ళల్లకు దిగి పిడికిలి పిడికిలి ఇడిసిన. వాళ్ళల్ల ఎవరెవరున్నరో. ఆ పొద్దు అందరికీ నేనే బిడ్డనైన మేడం."